అమ్మ బరువు పెరిగిన వారం

కన్నతల్లిని నవ్వుకుంటూ, గొప్పలు చెప్పుకుంటూ చావు అంచుదాకా తీసుకెళ్లిన ఘనుడి కథ చెబుతాను. ఆ ఘనుడిని నేనే.

నాది ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారం. బస్తాలో చెయ్యిపెట్టి గుప్పెడు కాయలు పిసికితే చాలు, తేమ ఉందో లేదో చెప్పేస్తాను. తడి సరుకు తూకంలో మోసం చేస్తుందని రైతులకు రోజూ ఉపన్యాసమిస్తాను. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, చివర్లో నా పరువు దీంతోనే పోతుంది.

అమ్మకు గుండె బలహీనపడింది. డాక్టరమ్మ మందులు రాసి, ఉప్పు తగ్గించమంది, రోజూ పొద్దున్నే బరువు చూడమంది. ఎందుకు చూడాలో చెబుతుండగా నాకు మార్కెట్ నుంచి ఫోన్ వచ్చింది. మిర్చి రేటు వినడానికి బయటికెళ్లాను. అమ్మేమో అంతా కొడుకు చూసుకుంటాడని నిశ్చింతగా కూర్చుంది.

మట్టెవాడలో మా ఇంటి వరండాలో కాటా పెట్టాం. అమ్మ బరువు రోజురోజుకూ పెరగసాగింది. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

"రమా, చూసినవా, అమ్మకు తిండి వంటబడ్తాంది."

"ఏడ తింటాంది, రెండు ముద్దలు గూడ పోతలేవు," అంది నా భార్య. "కాళ్లకు చెప్పులు గూడ పడ్తలేవు ఆమెకు."

"మనిషి ఒళ్లు చేస్తే కాళ్లు చెయ్యవా? నీకన్నీ అనుమానాలే."

మన ఇళ్లలో రోగి చిక్కిపోతేనే కదా భయం, ఒళ్లు చేస్తే పండగ. ఆ పండగలో చప్పిడి పథ్యం పక్కనపెట్టి, అమ్మకు మామిడికాయ తొక్కుతో అన్నం కలిపిపెట్టాను. వర్ధన్నపేటలో ఉన్న అక్కకు ఫోన్ చేసి మరీ గొప్ప చెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున అమ్మ మంచం మీద కూర్చుని రొప్పుతోంది. "పండుకుంటే ఊపిరి అందుతలేదు కొడుకా," అంది. ఆటోలో దవాఖాన దాకా ఆమె చెయ్యి వదల్లేదు.

డాక్టరమ్మ అమ్మ కాలిని బొటనవేలితో నొక్కింది. గుంట పడి అలాగే ఉండిపోయింది.

"ఒంట్లో చేరిందంతా నీరు. గుండె సరిగ్గా నెట్టకపోతే నీరు నిలుస్తది, ఉప్పు తింటే ఇంకా నిలుస్తది. బరువు పెరగంగనే ఫోన్ చెయ్యమన్న గదా?"

"అప్పుడు నేను ఫోన్‌లనే ఉన్న మేడం," అన్నాను.

ఇంజక్షన్ ఇచ్చారు. సాయంత్రానికి నీరు చాలావరకు దిగిపోయింది, ఊపిరి కుదుటపడింది. అమ్మ హాయిగా నడుం వాల్చి నిద్రపోయింది. ఆ ఛాతీ లేచి దిగుతుంటే చూస్తూ నిలబడిపోయాను. పిడికెడంత గుండె, నేను పుట్టకముందు నుంచీ ఆగింది లేదు. అలసిపోయాక కూడా ఊరికే కూలబడలేదు, కాటా మీద రోజూ నాకు కబురు పంపింది. ఎంత గొప్ప ఏర్పాటు అది. దానికి నేను పంపిన జవాబు మామిడికాయ తొక్కు.

అమ్మ కళ్లు తెరిచింది. "ఏం బిడ్డా, రైతు మిర్చి ముట్టుకుంటనే తడి ఉన్నదని తరుగు తీస్తవు. ఒక్కపారి తల్లి కాళ్లు ముట్టుకోకపోతివి."

ఇప్పుడు రోజూ పొద్దున్నే అమ్మ కాళ్లకు మొక్కుతున్నాను, బొటనవేలితో కాస్త గట్టిగా. నా మాతృభక్తి చూసి ఇరుగుపొరుగు ముచ్చటపడుతున్నారు. మార్కెట్లోని మిర్చి బస్తాలన్నిటి మీదా ఒట్టు, ఈ జన్మలో మా అమ్మ బరువు పెరిగితే సంబరపడను.