సాబుకు తగ్గిన సీసా

నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం మా ఇబ్రహీంపట్నం ఊళ్లల్లో గత్తర, అదే కలరా, పడింది. వాంతులు, విరేచనాలతో నా పెనిమిటి లేవలేకపోతే, నేనూ మా మరిదీ మంచం మీద దవాఖానకు మోసుకుపోయాం.

దవాఖాన అరుగు మీద నీళ్లలాంటిదేదో నింపిన సీసాలున్నాయి. ఒక్కోదానికి ఒక కాగితం అంటించి ఉంది. ఆ రోజుల్లో కంపౌండరు మందు సీసాకు, పూటకెంత తాగాలో తెలిసేలా గాట్లు కత్తిరించిన కాగితం అంటించేవాడు. ఇదీ మందేననుకుని ఒకటి ఆయన నోట్లో పోశాను.

గత్తర పరీక్షలకని పట్నం నుంచి వచ్చిన డాక్టరు సాబు లోపలి నుంచి ఉరికొచ్చాడు.

“ఏం చేసినవే! అవి గత్తర పడ్డ బాయి నీళ్లు. పరీక్షకు పంపేటివి!”

నేను సాబు కాళ్ల మీద పడ్డాను. “జర మందియ్యి సారూ, నీ కాళ్లు మొక్కుత.”

ఆయన మంచం వైపే చూడలేదు. “గత్తర మీద మన దేశంల ఎన్ని పరీక్షలు చేసిండ్రు, ఎన్ని కాగితాలు రాసిండ్రని పైనుంచి లెక్కడుగుతుండ్రు. నీతోని ఒకటి తక్కువైంది.”

“మనిషి పోతుండు, నీకు సీసా ఫికరా?” అని మా మరిది అరిచాడు.

సాబు కంపౌండరును మళ్లీ నీళ్లకు పంపాడు.

పొద్దుగూకకముందే నా పెనిమిటి పోయాడు. నేను పోసిన నీళ్లతోనో, ముందున్న రోగంతోనో నాకిప్పటికీ తెలియదు. చదువురాని నా తప్పు ఒప్పుకుంటాను. చదువుకున్న ఆ సాబు ఏ బావి నీళ్లో రాసుకున్నాడు గానీ, మంచం మీదున్న మనిషి పేరు అడగలేదు. అందుకే నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.