ముందు తీసిన పిడికెడు

పంతులమ్మగారు పోయారు. మొన్న ఆదివారం చర్చిలో ఉండగానే తెనాలి ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. నాకు ఏడుపు తర్వాత వచ్చింది, ముందు కోపమే వచ్చింది. ఆవిడ బతికుండగా మొహాన తలుపు వేసినవాళ్ళు కూడా మధ్యాహ్నానికల్లా ఫోన్లలో ఆవిడ ఫొటోకి దండలు వేసేశారు.

కొల్లూరు దగ్గర మా పేటలో సగంమందికి అక్షరాలు దిద్దించింది ఆవిడే. టీలో మరమరాలు పోసుకుని చెంచాతో తినేవారు. ఎవరైనా నవ్వితే, "కావాలంటే అడుగు, నవ్వెందుకే?" అనేవారు.

కరోనాకి బడులు మూసి, పాఠాలు ఫోన్లో వింటే చాలన్నారు. ఎవరి ఫోన్లో అని ఒక్కరూ అడగలేదు. మా చెల్లి అప్పుడు తొమ్మిదో తరగతి. మా ఇంట్లో ఉన్నది నాన్న బటన్ ఫోను. పంతులమ్మగారు తన పాత టచ్ ఫోను చెల్లికిచ్చారు. అందులో నెట్టు వేయించే స్తోమత మాకు లేదు.

మా పేటలో ఆడవాళ్ళు అన్నం వండేముందు పిడికెడు బియ్యం తీసి చర్చికని పక్కన పెడతారు. పంతులమ్మగారు ఆ అలవాటునే పట్టుకుని ఫోనున్న ప్రతి ఇంటికీ వెళ్ళారు.

"బియ్యం తీసినట్టే పొద్దున్నే పిడికెడు నెట్టు తియ్యండే. మిగిలింది ఇవ్వడం కాదు, ముందు తీసివ్వాలి," అన్నారు.

తీశారు. హాట్‌స్పాట్‌లు పెట్టి, పిల్లల్ని అరుగుల మీద ఎడంగా కూర్చోబెట్టారు. కానీ రోజుకొచ్చే నెట్టు ఎంత? మధ్యాహ్నానికి అయిపోయేది. తొమ్మిదో తరగతి పాఠాలు మొదలయ్యేది ఆ తర్వాతే.

కాలవ అవతల మేడలో వైఫై ఉంది. ఆవిడ నన్నూ చెల్లినీ వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళారు. మేడ ఆయన గేటు తియ్యకుండానే, "కరోనా కదండీ, పిల్లల్ని లోపలికెలా రానిస్తామండీ?" అన్నారు.

"నెట్టు గోడ దాటొస్తుందండి. పిల్లలు దాటక్కర్లేదు."

మొహం చెల్లక ఆయన పాస్‌వర్డ్ చెప్పారు. మర్నాటికల్లా మార్చేశారు. దాన్ని నేను క్షమించలేదు, క్షమించను.

లాక్‌డౌన్ సడలగానే ఆవిడ ఆటో ఎక్కి తెనాలి వెళ్ళారు. కాలవ దాకా వచ్చిన తీగని మా పేటకి కూడా వెయ్యమని నెట్టు కంపెనీలో మొరపెట్టుకున్నారు. "ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే పెట్టాలండి," అన్నారట వాళ్ళు. అది చెబుతూ ఆవిడ నవ్వారు. నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

బడి తెరిచేసరికి చెల్లికి లెక్కల్లో ఒక్క ముక్క అర్థం కాలేదు. క్లాసులో అందరి ముందూ నిలబడలేక మానేసింది. ఇప్పుడు కృష్ణ లంకల్లోని అరటితోటల్లో కూలికి పోతోంది. దారిలో కనబడినప్పుడల్లా పంతులమ్మగారు దాని చెయ్యి పట్టుకుని, "ఈ ఏడైనా ప్రైవేటుగా పరీక్ష కట్టవే, నేను చెప్తాగా," అనేవారు. ఇక చెప్పేవారు లేరు.

నిన్న ఆవిడ జ్ఞాపకార్థం చర్చిలో పెట్టిన ఆదరణ కూడికకి మేడ ఆయన కారులో వచ్చారు. మైకు అందుకుని, "ఆవిడ చలవవల్ల, మా అందరి సహకారంవల్ల, కరోనాలో ఈ ఊళ్ళో ఒక్క పిల్లకి కూడా చదువు ఆగలేదండి," అన్నారు. జనం తలలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను లేచేలోపే ఆడవాళ్ళ వరసలోంచి చెల్లి లేచింది. తోటలోంచి తిన్నగా వచ్చినట్టుంది, చేతులనిండా అరటి జిగురు మరకలు.

"నాది ఆగిందండి," అంది.

ఎవరో కూర్చోమని చున్నీ లాగారు. అది కూర్చోలేదు. ఆయన మైకు కిందికి దించారు, చెల్లి అలా నిలబడే ఉంది.