ఎనిమిదో ఇంట చంద్రుడు

మా పాప బారసాల నాడు పంతులుగారు స్వయంపాకం, తాంబూలం తీసుకుని, జాతకం ఊసెత్తకుండానే చెప్పులు వేసుకోబోయారు. నేనే ఆపి అడిగాను. అడగకపోతే ఆయన చెప్పి ఉండేవారు కాదని ఇప్పటికీ నా నమ్మకం.

ఆయన ఫోన్లో చక్రం వేసి, దాన్నే మళ్ళీ కాగితం మీద చేత్తో గీసుకుంటారు. ఆ కాగితం చూపించారు. పన్నెండు గడుల్లో సగం ఖాళీ. మీనం గడిలో మాత్రం అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. చంద్రుడు, శని, రాహువు, బుధుడు, శుక్రుడు. పాపది సింహ లగ్నం. అక్కడి నుంచి లెక్కపెడితే మీనం ఎనిమిదో ఇల్లు.

"చంద్రుడంటే తల్లమ్మా," అన్నారాయన, నా వైపు కాక పాప వైపు చూస్తూ. "ఎనిమిదో ఇంట శని రాహువులతో కలిసి పడ్డాడు. గురుదృష్టి లేదు. తల్లికీ బిడ్డకీ ఎడబాటు చెబుతుంది శాస్త్రం."

ఎవరికి ఏమవుతుందని అడిగాను. ఎవరు దూరమైనా ఎడబాటే కదమ్మా అన్నారు. శుక్రుడు అదే ఇంట ఉచ్చస్థితిలో ఉన్నాడు కాబట్టి మరీ భయపడక్కర్లేదనీ, జపం చేయిస్తే మంచిదనీ కూడా చెప్పారు. ఆ మాటలు నాకు చాలా రోజుల తర్వాత గుర్తొచ్చాయి.

నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాను. శని ఎలా తిరుగుతుందో బోర్డు మీద లెక్క వేసి చూపించగలను. అయినా ఆ రోజు నుంచి పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటం అలవాటైంది. గరివిడి ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని వచ్చిన మా ఆయన అది చూసి, పిల్లను పడుకోనివ్వవా అని కసురుకునేవారు. తర్వాత ఆయన కూడా, నేను చూడటం లేదనుకుని, వేలు పెట్టి చూసేవారు.

జపం మాటకు మా అత్తగారు పెదవి విరిచారు. ఆవిడది శ్రీకాకుళం అవతలి పల్లె. అక్కడ గండమున్న పిల్లను తవుడుకి అమ్ముతారు. వేరొక తల్లి చేటెడు తవుడిచ్చి పిల్లను తీసుకుంటుంది. పిల్ల ఆమెదైపోతుంది. తన బదులు పెంచమని మళ్ళీ కన్నతల్లి చేతికే ఇస్తుంది. గండం వెతుక్కుంటూ వస్తే, ఈ తల్లికి పిల్లే లేదని తిరిగి పోవాలి. మా ఆయన్ని కూడా చిన్నప్పుడు అలాగే ఇచ్చారట.

పాపను కొనడానికి మా వీధికి చేపలు తెచ్చే ఆమెను పిలిచారు. సముద్రపు ఒడ్డు ఊరి నుంచి బస్సులో వస్తుంది. అప్పుడు వేట నిషేధం రోజులు, తట్టలో ఎండుచేపలే ఉన్నాయి. ఆమె కన్న పిల్లలందరూ బతికి ఉన్నారు, అదే ఆమె అర్హత. తట్ట అరుగు మీద దించి, చేతులు కడుక్కుని, గడప అవతల నిలబడి, తవుడిచ్చి, చేటలోని పాపను అందుకుంది. పాప ముక్కు ముడిచి తుమ్మింది.

"అప్పుడే అమ్మ వాసన పట్టీసింది సూడు నా గుంట," అంది.

అందరం నవ్వాం. పాపను నా ఒళ్ళో పెడుతూ జాగ్రత్తగా పెంచమని చెబితే తలూపాను. మొదటి పుట్టినరోజు వెళ్ళేదాకా నా నోటితో నా కూతురు అనకూడదని అత్తగారు కట్టడి చేశారు.

టీకాకి తీసుకెళ్తే నర్సు తల్లి ఎవరని అడిగింది. అత్తగారు నన్నే చూస్తున్నారు. పాలిచ్చేది నేనే అన్నాను. అంటే తల్లే కదా అని నర్సు విసుక్కుంటూ రాసుకుంది.

చేపలామె వచ్చినప్పుడల్లా మా గుంట ఏదని అడిగేది. ఒకసారి గౌను తెచ్చింది. అంతా బాగానే ఉందనుకుంటున్న రోజుల్లో, డాబా మీద బట్టలు ఆరేస్తుంటే నాకో ఆలోచన వచ్చింది. చంద్రుడంటే తల్లి. పాపకి ఇప్పుడు తల్లి ఎవరు? పిల్లతో పాటు ఆ చంద్రుడిని కూడా ఆమెకే ఇచ్చేశాం కదా. శని, రాహువు ఇప్పుడు ఎవరి తలుపు తడతారు?

చేతిలో తడిబట్టతో అలాగే కిందికి దిగాను. ఆమెకు జాతకం సంగతి చెప్పారా అని అత్తగారిని అడిగాను.

"సెప్తే తీసుకుంటాదేటి?" అన్నారావిడ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

ఆ వారం చేపలామె రాలేదు. మరుసటి వారం తుపాను వాన. అత్తగారు వేరే ఆమె దగ్గర చేపలు కొన్నారు. ఆ పూట నేను పచ్చడితో తిన్నాను.

వానలు వెలిశాక మా చేపలామె వచ్చింది, మోకాలికి కట్టుతో. బస్సు దిగుతూ జారిందట. నా చూపు ఆ కట్టు మీద నుంచి కదలలేదు. పాపను ఎత్తుకున్న ఆమె ముందు నిలబడి పంతులుగారు చెప్పినదంతా చెప్పేశాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఇది నా కూతురు," అన్నాను. "నాకు ఇచ్చెయ్యి."

ఆమె పాపను ఇవ్వలేదు. దాని జుట్టు సవరించింది.

"ముందే సెప్పాల," అంది. "సెప్పినా తీసుకుందును. గాని సెప్పాల."

పాప కోసం చాచిన చేతులు దించుకున్నాను.

"మరి తిరిగివ్వను. తవుడిచ్చి కొనుక్కున్నాను. నీకూ పిల్లే, నాకూ పిల్లే. ఎతుక్కునీ గండాన్ని రెండిళ్ళూ తిరగనీ."

ఆ రోజు ఆమె ఫోన్ నంబరు తీసుకున్నాను. రాని వారం ఫోన్ చేస్తాను. ఎందుకు చేస్తున్నానో ఆమెకు తెలుసు. బతికే ఉన్నాను, ఫోన్ పెట్టీ అంటుంది, ఒక్కోసారి కోపంగా. ఆ మాట విన్నాకే నాకు పనుల మీద ధ్యాస కుదురుతుంది.

నిన్న ఫోన్ ఎత్తలేదు. ఇవాళ కూడా ఎత్తలేదు. ఒడ్డున సిగ్నల్ ఉండదులే అని మా ఆయన పడుకున్నారు. తెల్లారాక పాపను తీసుకుని మొదటి బస్సుకి వెళ్తాను. ఆ ఊళ్ళో ఆమె ఇల్లు ఎటో తెలియదు. పాపను చూపించి, దీని తల్లి ఇల్లెక్కడని అడుగుతాను.