గోరింక మాస్టారి ఫోటో

ఆ వీధిలో ఆయన్ని అందరూ రెడీ మామయ్య అంటారు. పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీసే స్టూడియో ఆయనది. స్టూలు మీద ఎవరు కూర్చున్నా సరే, "గడ్డం కొంచెం కిందికి... చూపు ఇటు, నా వేలి వైపు... రెడీ!" అని గట్టిగా అరిచిగాని బటన్ నొక్కడు. ఆ కేకకి చంటిపిల్లలు ఏడుపు లంకించుకుంటారు, పెద్దవాళ్ళు ఉలిక్కిపడతారు. అందుకే ఆ చుట్టుపక్కల ఎవరి గుర్తింపు కార్డు చూసినా కళ్ళు ఇంతింత చేసుకుని ఉంటాయి. బట్టతలల మీద కంప్యూటర్లో జుట్టు మొలిపించడంలో మాత్రం ఆయనది మంచి చెయ్యి, ఆ మాట ఒప్పుకోవాలి.

కింద స్టూడియో, మొదటి అంతస్తులో కాపురం, ఆ పైన డాబా. ఇంట్లో ఆయన, భార్య, ఆయన అక్క. అక్క బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. తల్లి లేని తమ్ముణ్ణి ఆవిడే పెంచింది కాబట్టి, జుట్టు నెరిసినా ఆయన ఇంకా ఆవిడ క్లాసులో ఉన్నట్టే లెక్క.

డాబా మీద అక్కకి ఒక స్నేహితుడున్నాడు. గోరింక. నెత్తిమీద ఈకలన్నీ రాలిపోయి నున్నటి గుండు, కళ్ళ చుట్టూ కళ్ళజోడులా పసుపుపచ్చ చర్మం. పిట్టగోడ మీద దర్జాగా అటూ ఇటూ పచార్లు చేస్తుంది. పావురాలు అల్లరి చేస్తే కసురుతుంది. బిస్కెట్ ముక్క వేస్తే, ముందు నాలుగు వైపులా తనిఖీ చేసిగాని ముట్టదు. తను పనిచేసిన బడిలో హెడ్‌మాస్టారు అచ్చం ఇంతేనని, అక్క దానికి మాస్టారు అని పేరు పెట్టేసింది. పొద్దున్నే ఆవిడ పైకి వెళ్ళడం, ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకోవడం రోజూ ఉండేదే.

అలాంటి అక్క బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే అయింది. "రోజూ నడిపించండి. ఇప్పుడు నడవకపోతే ఇక మంచానికే అంటుకుపోతారు" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆసుపత్రిలో నలుగురి ముందు బింకంగా నడిచిన మనిషి, ఇంటికొచ్చాక మంచం దిగితే ఒట్టు.

"లేవక్కా, నాలుగడుగులు వెయ్యి."

"ఎక్కడికెళ్ళాలని రా? వంటింట్లో మీ ఆవిడుంది, కింద నువ్వున్నావు. నేను నడిచి ఎవర్ని ఉద్ధరించాలి?"

ఎప్పుడూ ఇదే పాట. మధ్యలో ఒక్కటే అడిగేది, మాస్టారు వస్తున్నారా అని. వస్తున్నారని చెబితే నమ్మేది కాదు. "నా తృప్తి కోసం చెబుతున్నార్లే. ఫోటోలు తీసేవాడివి కదా, ఒకటి తీసి చూపించు, అప్పుడు నమ్ముతా" అంది.

ఇంకేం, మామయ్య కెమెరా పట్టుకుని డాబా ఎక్కాడు. దూరం నుంచి పక్షుల్ని తీసే పొడుగాటి లెన్సులు ఆయన దగ్గరెక్కడివి? ఉన్నదల్లా మనుషుల మొహాలు తీసే లెన్సు. బాగా దగ్గరికి వెళ్తేగాని దానికి మొహం అందదు. అందుకని భార్య ఆరేసిన దుప్పటి వెనక నక్కి, దానికో చిల్లు పెట్టి, అందులోంచి లెన్సు బయటికి పెట్టాడు. మాస్టారు రానే వచ్చారు. గోడ మీద ఎదురుగా నిలబడ్డారు. మామయ్య ఊపిరి బిగబట్టాడు. వేలు బటన్ మీదికి వెళ్ళింది, నోరు దాని పని అది చేసేసింది.

"రెడీ!"

మాస్టారు తుర్రుమన్నారు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదంటారు, స్టూడియోతో వచ్చిన బుద్ధి కూడా తక్కువేం కాదు. ఈలోగా దుప్పటి సంగతి భార్య కంట పడింది.

"కొత్త దుప్పటండీ! పోనీ ఫోటో వచ్చిందా అంటే అదీ లేదు. రెంటికీ చెడ్డ రేవడంటే మీరే!"

అప్పుడు ఆయనకొక పాడు ఆలోచన వచ్చింది. వీధి చివర చెత్తకుండీ మీద వాలే గోరింక ఒకటుంది. ప్రపంచంలోని కేకలన్నీ విని రాటుదేలిన పక్షి, రెడీ అన్నా కదల్లేదు. దాన్ని ఫోటో తీసుకొచ్చి, కంప్యూటర్లో తలమీద ఈకలన్నీ చెరిపేసి, నున్నగా గుండు చేశాడు. ఇన్నేళ్ళుగా గుండ్లకు జుట్టు పెట్టిన చేతికి, ఉన్న జుట్టు తీసెయ్యడం ఒక లెక్కా!

అక్క కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

"ఇదెవర్రా?"

"మాస్టారే అక్కా. గుండు చూడు."

"గుండు మాస్టారిదే, మొహం ఆయనది కాదు. ఎవరేం పడేస్తారా అని చూసే మొహం ఇది. మాస్టారు ఒకళ్ళ ముందు చెయ్యి చాచే రకమా?" ఫోటో పక్కన పడేసి గోడవైపు తిరిగింది. "పోయారన్నమాట. ఆ ముక్క చెప్పెయ్యొచ్చుగా, ఈ వేషాలెందుకు?"

ఆ రోజు ఆవిడ లేచి కూర్చోను కూడా లేదు, అన్నం ముట్టలేదు. నిక్షేపంలా బతికున్న మాస్టారిని తన చేతులతో తనే చంపేసినందుకు మామయ్యకి తల కొట్టేసినట్టయింది. వంటింట్లో పీట మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"చేసిందంతా చేసి ఏడిస్తే ఏం లాభమండీ?" అంటూ భార్య ఆ చిల్లు దుప్పటే తెచ్చి ఒళ్ళో పడేసింది. "ఎలాగూ పాడైందిగా, మళ్ళీ డాబా మీదికి వెళ్ళండి. ముందు నోట్లో ఇది కుక్కుకోండి." ఇంకో చేత్తో రుమాలు ఇచ్చింది.

ఆ తర్వాత స్టూడియో తలుపు రోజూ ఆలస్యంగా తెరుచుకునేది. నోరు కట్టేసుకుని దుప్పటి వెనక కూర్చున్నాక మామయ్యకి చూడ్డమంటే ఏమిటో తెలిసొచ్చింది. మాస్టారు నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగి ఏదో ఆలోచిస్తారు. పావురాన్ని కసిరాక ఒళ్ళంతా ఉబ్బించి, ఎవరైనా చూశారా అని ఓరగా గమనిస్తారు. దుప్పటి వెనక మనిషి నవ్వు ఆపుకోలేక రుమాలు కొరికేవాడు. ఫోటోలు పడుతున్నాయి, కానీ అన్నిటికీ ఒకటే జబ్బు. మాస్టారు గోడ మీద వాలగానే మెడ ఒక పక్కకి తిప్పి, అటే చూస్తూ నిలబడిపోతారు. చూపు పక్కకిపోయిన ఫోటో చెల్లదు కదా! ఆయన చెల్లనివన్నీ చెరిపేస్తూ పోయాడు. చివరికి భార్యే కెమెరా లాక్కుంది.

"ఇదొక్కటైనా ఉంచండి. ఇది మాత్రం వదినకి చూపించాల్సిందే."

భయపడుతూనే తీసుకెళ్ళి అక్క చేతిలో పెట్టాడు. "బాగా రాలేదక్కా. చూపు తిన్నగా లేదు. ఎన్ని తీసినా ఇంతే."

అక్క కళ్ళజోడు సవరించుకుంది. ఫోటో కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది.

"మాస్టారేరా," అంది. "ఆ మెడ చూడు, ఎంత పొగరో! ఉన్నారన్నమాట." మళ్ళీ ఫోటోలోకి చూసింది. "అది సరేగాని, అటువైపు ఏముందిరా, అంత ఇదిగా చూస్తున్నారు?"

"ఏముంటుంది, మెట్ల తలుపు."

అన్నాకగాని ఆయనకి తట్టలేదు. పొద్దున్నే ఆ తలుపులోంచి బిస్కెట్ డబ్బాతో వచ్చేది అక్క ఒక్కతే.

"అన్నిట్లోనూ అటే చూస్తున్నారా?"

"అన్నిట్లోనూ అక్కా."

"అవన్నీ చెరిపేశావా? నిన్ను తగలెయ్య!" తిడుతూనే ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కాళ్ళు మంచం మీద నుంచి కిందికి దించింది. "ఆ కర్ర ఇలా పట్రా."

"ఆగక్కా, మెల్లిగా. ముందు ఇంట్లోనే అటూ ఇటూ..."

"ఆయన్ని అక్కడ నిలబెట్టి నన్ను ఇంట్లో తిరగమంటావా? పట్రమ్మంటే!"

ఒక చెయ్యి కర్ర మీద, ఇంకో చెయ్యి తమ్ముడి భుజం మీద, వెనక నడుం పట్టుకుని మరదలు. మొదటి మెట్టుకే ఆవిడకి ముచ్చెమటలు పట్టాయి. ఆ రోజు పైదాకా ఎక్కలేకపోయింది. సగంలో మెట్టు మీద కూర్చుండిపోయి, ఆయాసపడుతూ తలెత్తి, మూసి ఉన్న తలుపుకేసి కేకేసింది.

"వస్తున్నానండీ మాస్టారూ! ఆబ్సెంటు వేసెయ్యకండి!"