కోత వెడల్పు సందు

ఒంటి మీద చుక్క పడకుండా నీళ్లతో ఇంత రాయి కోసిన మనిషి రసజ్ఞ తప్ప లోకంలో మరొకరు ఉండకపోవచ్చు. హైటెక్ సిటీ పక్కన రాయదుర్గంలోని ఆఫీసులో, ఏసీ కింద స్వెట్టర్ వేసుకుని కూర్చుని ఆమె చేసే ఉద్యోగం అదే. సన్నని గొట్టంలోంచి భయంకరమైన ఒత్తిడితో దూసుకొచ్చే నీటిధార, దాంట్లో కలిపిన గరుకు ఇసుక, కింద గ్రానైటు. అంతా కంప్యూటర్ లోపలే. ఒక్కో ఇసుక రేణువు రాయిని ఎంత గీరుతుందో లెక్కకట్టి, కోత ఎంత వెడల్పు వస్తుందో ఆమె ముందే చెబుతుంది. ఆ అంకె యంత్రాలు తయారుచేసే విదేశీ కంపెనీకి వెళుతుంది. వాళ్లు థాంక్స్ అని రాస్తారు. అంకె నిజమైందో కాదో మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరూ రాయలేదు. పెళ్లీ పిల్లలూ ప్రమోషన్లూ అయ్యాక కూడా ఆమెకు తీరని కోరిక అదొక్కటే మిగిలింది.

నార్సింగిలో ఫ్లాటు కొన్నాక దారి దొరికింది. గడప ముందు నల్ల గ్రానైటులో తెల్లరాయి పొదిగి పూలముగ్గు వేయించాలని రసజ్ఞ తీర్మానించింది. అత్తగారు బాలమ్మ ఒప్పుకోలేదు.

"ముగ్గంటే పొద్దుగాల లేచి ఏసేది బిడ్డా. రాయిల కోయిస్తే ఇగ నేనేం చెయ్యాలె?"

అది విధానపరమైన ప్రశ్న కాబట్టి జవాబు వాయిదా పడింది.

చందానగర్‌లో భాస్కర్‌కు నీటిధారతో రాళ్లు కోసే దుకాణం ఉంది. రసజ్ఞ ముగ్గును కంప్యూటర్‌లో గీసి, కోత వెడల్పు ఎంత రావాలో తన లెక్క తాను వేసుకుని, ఫైలు అతనికి పంపింది. ధారకూ ఒక వెడల్పు ఉంటుంది. సరిగ్గా గీత మీదే కోస్తే పూరేక చిన్నదవుతుంది, అది కూర్చోవాల్సిన గుంత పెద్దదవుతుంది. అందుకని గీతను కాస్త జరిపి కోయాలి. దుకాణం పనిలో వేలు పెట్టడం మర్యాద కాదని రసజ్ఞ జరపలేదు. హైటెక్ సిటీ మేడం పంపిన ఫైలును ముట్టుకోవడం మర్యాద కాదని భాస్కర్ జరపలేదు. ఇంతటి పరస్పర గౌరవం నడుమ రాయి తెగింది.

గడప ముందు పొదిగితే ప్రతి రేకా తన గుంతలో కదులుతోంది.

"మీరే జరిపి పంపిండ్రనుకున్న మేడం," అన్నాడు భాస్కర్, రాయి వైపు చూడకుండా. మళ్లీ కోసిస్తాననీ ఫికర్ చేయొద్దనీ చెప్పాడు. బాలమ్మ వంగి చూసి, పండ్లు కదిలే నోరు లెక్కుందని అభిప్రాయపడింది.

రసజ్ఞ మాత్రం అప్పటికే నేల మీద బోర్లా పడుకుంది. హ్యాండ్‌బ్యాగులోంచి సందు కొలిచే సన్నని ఉక్కు పట్టీలు తీసింది. ఎవరూ గీత జరపలేదు కాబట్టి, రేకను గుంతలో సరిగ్గా నడుమ ఉంచితే చుట్టూ మిగిలే సందే కోత వెడల్పు. ఒక్కో పట్టీ దూర్చి చూసింది. ఫోన్ తెరిచి తన అంకె చూసింది. మళ్లీ కొలిచింది. రెండూ ఒకటే. మలుపుల దగ్గర సందు కాస్త ఎక్కువుంది. అక్కడ ఎక్కువ వస్తుందని కూడా ఆమె లెక్క ముందే చెప్పింది.

భాస్కర్ రాయి ఎత్తబోయాడు.

"దాన్ని ముట్టుకోకండి," అంది రసజ్ఞ. అంత అధికారంతో ఆమె ఆఫీసులో కూడా ఎన్నడూ మాట్లాడలేదు.

సందులన్నీ జిగురుతో నింపడానికి చివరికి ఒప్పుకుంది కానీ, నడిమి రేకను అలాగే వదిలేయించింది. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు దాన్ని చూసి, పని పాడైనట్టుందే అని జాలిపడ్డారు.

"పాడు కాలే," అని బాలమ్మే అందరికీ చెప్పింది. "మా కోడలు ఎంతన్నదో గంతే వచ్చింది సందు."