తెర వెనక పీట

ఆ బొమ్మల కార్ఖానాలో ఆమెను అందరూ కుట్లక్క అనేవారు, బొమ్మలకు గౌన్లు కుట్టేది కాబట్టి. ఆడవాళ్ళకు అక్కడ అంతవరకే పని. కళ్ళు మాత్రం మగవాడే వేయాలి. "ఆడదాని చేతిలో ఏడుపుంటుంది, బొమ్మకు అంటుకుంటుంది" అనేవాడు యజమాని. కళ్ళు వేసేవాడు సంతోషంగా ఉండాలట, వేసేటప్పుడు తెర దించాలట, ఎవరూ తొంగిచూడకూడదట. సంతోషం మగవాళ్ళ సొత్తని ఎవరు రాసిచ్చారో మరి!

తెర వెనక పీట కుట్లక్క మొగుడు మేస్త్రిది. పెళ్ళైన కొన్నాళ్ళకే అతని చెయ్యి వణకడం మొదలైంది. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు ఒలికిపోయేవి. పని పోతే ఏం తింటారు? అందుకే టీ ఇచ్చే వంకతో ఆమె తెర వెనక్కి వెళ్ళి కుంచె పట్టేది. అతను పక్కన కూర్చుని ఈల వేసేవాడు. బయటివాళ్ళకు ఆ ఈలే వినపడేది.

"మేస్త్రి ఎంత హుషారుగా ఉన్నాడో! అందుకే ఆ బొమ్మలు అలా నవ్వుతాయి" అని మురిసిపోయేవారు. చివరికి అతనూ అదే నమ్మాడేమో, ఇంట్లో కూడా ఆమె వేస్తోందన్న ఊసెత్తేవాడు కాదు.

కార్ఖానాకు పేరు తెచ్చిన బొమ్మ ఒకటి అద్దాల బీరువాలో ఉండేది. కుట్లక్క తన పసిబిడ్డ పోయిన వారంలో వేసిందది. కన్నీళ్ళు రంగులో పడకుండా మోచేత్తో తుడుచుకుంటూ వేసింది. చూసినవాళ్ళంతా ఆ బొమ్మ నవ్వుకు పడిపోయేవారు.

మేస్త్రి చనిపోయాడు. నెల తిరక్కుండానే యజమాని ఆ పీటను మేస్త్రి తమ్ముడికి ఇస్తానన్నాడు. అతను అప్పటిదాకా బొమ్మల బూట్లకు నల్లరంగు పూసేవాడు. ఏనాడూ నోరెత్తని కుట్లక్క ఆ పూట యజమాని ముందు నిలబడింది.

"ఇన్నాళ్ళూ ఆ కళ్ళు వేసింది నేనండీ. ఆ పీట నాకివ్వండి."

పాపం, దుఃఖంలో ఏదో అంటోందనుకున్నాడతను. "సరేనమ్మా, ఒకటి వేసి చూపించు" అన్నాడు.

తెర తీసేసి అందరి ముందూ వేసింది. యజమాని బీరువాలోని బొమ్మను తెచ్చి పక్కన పెట్టాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అతని కళ్ళు చెమ్మగిల్లాయి. కుట్లక్కకు ప్రాణం లేచొచ్చింది.

"అచ్చు గుద్దినట్టుంది! ఎంతైనా మేస్త్రి పక్కన బతికినదానివి. చూసి చూసి పట్టేశావు."

"చూసి కాదండీ, నేనే..."

"చూసి దించడం వేరు, పుట్టించడం వేరు తల్లీ. ఆ విద్య ఆయనతోనే పోయింది" అని నిట్టూర్చి, ఆమె మరిదిని పిలిచాడు. "మీ వదిన దగ్గర కూర్చుని నేర్చుకో. మీ అన్న పద్ధతి ఆవిడకు బాగా తెలుసు."

తన చేతి పనికే తాను నకలైపోయింది. ఆ రోజు ఆమె కుట్టిన గౌన్లన్నీ వంకరపోయాయి.

మర్నాడు తెర వెనక మరిది ఒక బొమ్మకు మెల్లకన్ను వేశాడు, ఇంకోదానికి వాచిన కన్ను. చెమటలు తుడుచుకుంటూ, "నావల్ల కాదు వదినా. కాస్త నువ్వే వేసిపెట్టవూ? ఎవరికీ తెలీదులే" అని బతిమాలాడు.

ఇంట్లో పొయ్యి వెలగాలి. కుట్లక్క చెయ్యి చాచి కుంచె అందుకుంది.

"ఈల వేయడం వచ్చా నీకు?" అని అడిగింది.