తాగనివాడి కార్జం

ఇటు జరగండి, పొయ్యి పక్కన ఇంకా చోటుంది. చెయ్యి కుడి పక్కటెముకల కింద, కార్జం మీద, అదే కాలేయం మీద, పెట్టుకుని వినండి. ఈ కథంతా అక్కడే జరిగింది.

హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిసిన మరుసటి వానాకాలం. ఆదిలాబాద్‌కు పైన, పెన్‌గంగ ఒడ్డున మా పటాలం క్యాంపు. నేను లారీ దిగేసరికి మధ్యాహ్నం రెండు. ఆరు డేరాలు. పిక్కల దాకా నల్లరేగడి బురద. నా సామాను ఒక రైఫిలు, రెండు కంబళ్ళు, తడవని మేజోళ్ళు ఒక్క జత. డేరాల పక్కనుంచే ఒక వాగు పోయి పెన్‌గంగలో కలిసేది.

మా వంటాయన లింబాద్రి. భైంసా దిక్కు మనిషి. పండరిపురం పోయి తులసిమాల వేసుకున్నవాడు. కల్లు వాసన కూడా పడదు. ఆ నెలలో అతని పాదాలు ఉబ్బాయి. కళ్ళు పచ్చబడ్డాయి. కడుపు కుడిపక్క ఎత్తుగా లేచింది. పప్పు గిన్నె దించితే చాలు, ఆయాసం.

మా హవల్దారుది కరీంనగర్. "కార్జం ఉబ్బింది. దొంగచాటుగ ఇప్పసారా తాగుతుండు," అని తేల్చేశాడు. శుక్రవారం డాక్టర్ కప్తాను వస్తాడు, తాగుబోతని కాగితం రాయించి ఇంటికి పంపుదామన్నాడు.

ఆ మాట విని లింబాద్రి పిండి పిసకడం ఆపాడు. "నౌకరి పోతె పోనీ తమ్మీ. తాగిండని పేరొస్తె మా ఊర్ల మాల తెంపుతరు," అన్నాడు నాతో.

నాకు ఆర్డరు పడింది. రోజూ పొద్దున అయిదున్నరకు వంటాయన నోరు వాసన చూడాలి. మొదటి రోజు వేపపుల్ల. రెండో రోజూ వేపపుల్లే. మూడో రోజు నా మీద జాలిపడి అతనే సోంపు నమిలి వచ్చాడు. సారా కుండ కోసం బియ్యం బస్తాల వెనక వెతికితే మామిడికాయ తొక్కు జాడీ దొరికింది. హవల్దారు దాన్ని సాక్ష్యమని పట్టుకుపోయి సగం తిన్నాడు.

బుధవారం మా దగ్గర చినుకు పడలేదు. అయినా గురువారం తెల్లారేసరికి డేరాల్లో మోకాలి లోతు నీళ్ళు. వైర్‌లెస్ ఆయన పెట్టెను నెత్తిన పెట్టుకుని పైకి కబురు చెప్పాడు: "ఈడ వాన లేదు సాబ్. వరద మాత్రం ఉన్నది. ఓవర్."

శుక్రవారం పదకొండింటికి డాక్టరు వచ్చాడు. లింబాద్రిని మంచం మీద పడుకోబెట్టాడు. నోరు వాసన చూడలేదు, మెడ చూశాడు. మెడ నరం ఉబ్బి కొట్టుకుంటోంది. కుడి పక్కటెముకల కింద నొక్కితే ఆ నరం ఇంకా పైకి లేచింది. ఛాతీకి గొట్టం ఆనించి చాలాసేపు విన్నాడు. చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరమొచ్చిందా అని అడిగాడు. వచ్చింది, రెండు నెలలు మంచం దిగలేదని లింబాద్రి చెప్పాడు.

అప్పుడు డాక్టరు నా చెయ్యి పట్టుకుని అతని కడుపు మీద పెట్టాడు. కార్జం కొట్టుకుంటోంది. గుండెతో పాటే. నా అరచేతిని ఎత్తుతోంది, దించుతోంది.

డాక్టరు హవల్దారు వైపు తిరిగాడు. "నిన్న మీ డేరాలల్ల నీళ్ళెట్లొచ్చినయ్? వాన పడ్డదా?"

"లేదు సాబ్. పెన్‌గంగ నిండి వాగును ఎనుకకు తన్నింది."

"ఈయనకు గదే అయింది. గుండెల ఒక తలుపు సరిగ పడ్తలేదు. నెత్తురు ఎనుకకు తన్ని కార్జంల నిండుతుంది. గిది సారా పని కాదు."

లింబాద్రి మాలను కళ్ళకు అద్దుకున్నాడు.

మరి పటాలం తలా ఇంత అని ఇచ్చే రమ్ములో ఈయన వాటా ఎవరు తాగుతున్నారని డాక్టరు అడిగాడు. అందరం హవల్దారును చూశాం.

"అంగీ ఎత్తు," అన్నాడు డాక్టరు. నొక్కి చూశాడు. "గీ కార్జం గూడ ఉబ్బింది. కాని కొట్టుకుంటలేదు. గిది మాత్రం రమ్మే."

గుండె జబ్బని రాసి లింబాద్రిని ఆస్పత్రికి పంపారు. జీపెక్కేటప్పుడు మాల మెడలోనే ఉంది. మిగిలిన సగం సాక్ష్యాన్ని హవల్దారు తలదించుకుని అతని ఒళ్ళో పెట్టాడు.

చలికాలంలో నేను ఇల్లు చేరాను. రైఫిలు నంబరు మరిచిపోయాను, క్యాంపులో వాళ్ళ ముఖాలు మరిచిపోయాను. ఇప్పటికీ బువ్వ తిన్నాక చెయ్యి కడిగి తుడుచుకుంటుంటే, అరచేతి కింద లింబాద్రి కార్జం లేస్తుంది, పడుతుంది.

ఇక మీ చెయ్యి తియ్యండి. అక్కడ ఏమీ కొట్టుకోలేదు కదా, సంతోషం. మీ ఇంట్లో పిల్లా పెద్దా అందరి గుండె తలుపులూ వేళకు తెరుచుకుని, వేళకు గట్టిగా పడుగాక.